బాలాసోర్ దాకా కోపం

మా పెద్దమ్మ పోయి ఏడాది కావస్తోంది. తీరిగ్గా కూర్చుని ఆవిడను తలుచుకున్నది లేదు. అలా తలుచుకుంటే ఆవిడకు నచ్చేది కూడా కాదు. కానీ మొన్నామధ్య ఒక మధ్యాహ్నం, పని మధ్యలో, తెర కింద ఎవరివో రెండు పాదాలు కనిపించేసరికి ఆవిడే వచ్చి కూర్చుందేమో అనిపించింది.

ఆ పాదాలు ఎవరివో చెప్పాలంటే ముందు నా పనేమిటో చెప్పాలి. భూమి చుట్టూ తిరిగే ఇంట్లో మనుషులు నెలల తరబడి ఉండాల్సి వస్తే, ఆ ఇల్లు లోపల ఎలా ఉండాలి అన్నది నా పని. రాకెట్టు సంగతులు నన్ను అడక్కండి, తెలియవు. పడుకునే చోటు ఎంత ఉంటే ఊపిరాడుతుంది, ఫ్యాను చప్పుడు ఎంతైతే మనిషికి చిరాకు పుడుతుంది, పొద్దున దీపం ఏ రంగులో వెలిగితే నిద్రమత్తు వదులుతుంది, నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ తినడానికి బల్ల ఎక్కడ పెట్టాలి, ఇవీ నా తలనొప్పులు. అలాంటి ఇంటి నమూనా ఒకటి ఖరగ్‌పూర్ శివార్లలో, అద్దెకు తీసుకున్న గోదాములో కట్టాం. నలుగురిని లోపల పెట్టి, తలుపు మూసి, కొన్ని వారాల పాటు ఎలా ఉంటారో బయటి నుంచి చూస్తున్న రోజులవి. వాళ్ళలో ఎవరు తీయమన్నా తలుపు తీయాలి. తీస్తే పరీక్ష అక్కడితో ఆగిపోయినట్టే, మా నమూనా మూలపడినట్టే. పని ఇంకొకరికి పోతుందని మాకు ఆ పని ఇచ్చినవాళ్ళు ముందే చెప్పారు.

ఆ మధ్యాహ్నం, లోపలున్న నలుగురిలో డాక్టరు కుర్రాడు భోజనం మధ్యలో లేచాడు. పళ్ళెం అక్కడే వదిలేసి, మూలనున్న చిన్న అరలోకి వెళ్ళి తెర లాక్కున్నాడు. ఆ అరలో కెమెరా లేదు. పెట్టొద్దని పట్టుబట్టింది నేనే. బల్ల దగ్గరున్న కెమెరాకి తెర కింద పాదాలు మాత్రం కనిపిస్తాయి. కుడికాలి బొటనవేలు టకటకా ఆడుతోంది.

'అమ్మో, ఇది బాలాసోర్ అలక' అనుకున్నాను.

మా నాన్నా, పెద్దనాన్నా ఇద్దరూ ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు. ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో క్వార్టరు పెద్దనాన్న పేరు మీద ఉండేది. రెండు గదులు, వెనక ఒక వరండా. అందులోనే అన్నదమ్ముల కుటుంబాలు రెండూ, పైగా నానమ్మా. ఆ ఇంట్లో ఒంటరిగా ఉండటం అనేది ఎవరికీ రాసిపెట్టి లేదు. జ్వరమొచ్చి పడుకుంటే ఇంకా ఎక్కువమంది మంచం చుట్టూ చేరేవాళ్ళు.

పెద్దమ్మ పొట్టి మనిషి. ఆవిడ కంటే ముందు ఆవిడ నడుముకున్న తాళాల గుత్తి గదిలోకి వచ్చేది. ఖరిదా బజారులో చేపలు బెంగాలీలో బేరమాడేది, డబ్బులు తెలుగులో లెక్కపెట్టేది, కోపమొస్తే ఒడియాలో తిట్టేది. ఏ భాషలో తిడుతుందో ఆ భాష వాళ్ళు ఎదురుగా లేకుండా చూసుకునేది. అదీ ఆవిడ మర్యాద.

అలగడంలో మాత్రం ఆవిడను మించినవాళ్ళు మా వంశంలో పుట్టలేదు. తనకోసం దాచుకున్న అన్నం మాడు ఎవరో తినేసినా అలకే. పులుసు ఎలా ఉందని అడిగితే "ఫరవాలేదు" అన్నా అలకే. అసలు పులుసు గురించి ఎవరూ మాట్లాడకపోతే అదింకా పెద్ద అలక. కొత్తకోడలిగా ఆ క్వార్టరుకు వచ్చిన రోజుల్లో పాపం అలగడానికి చోటు దొరక్క నానా అవస్థా పడిందట. వంటింట్లో అలిగితే నానమ్మ వచ్చేది. ముందు గదిలో మగవాళ్ళు ఉండేవాళ్ళు. గుమ్మంలో కూర్చుంటే పక్క క్వార్టరు బెంగాలీ దీదీ "కీ హోలో?" అంటూ ఏమైందో ఆరా తీసేది. ఆరా తీసినావిడ తనదారిన పోదు కదా, పది ఇళ్ళకు మోసేది.

ఒకరోజు పెద్దమ్మ వెనక వరండాలో బీరువాకీ గోడకీ మధ్య ఉన్న సందులో పీట వేసుకుని, ఇంటిల్లిపాదినీ పిలిచి చెప్పిందట.

"పెల్లికొడుకు ఒక్క పూట అలుగుతాడని పెద్దోల్లు అలకపాన్పు ఏసినారు. మరి ఆడి పెల్లాం జనమంతా అలగాల కదా, అదెక్కడ అలుగుతాది? ఇదిగో, ఇక్కడ. ఈ పీట మీద ఎవులు కూకున్నా మరింక ఏటీ అడక్కండి."

నానమ్మ గయ్యిమంటుందని అందరూ ఎదురుచూశారు. మర్నాడు పొద్దున చూస్తే పీట మీద నానమ్మే కూర్చుని ఉందట.

అలా మొదలైన పీట నా చిన్నతనానికి ఇంటి చట్టమైపోయింది. దాని మీద కూర్చున్నవాళ్ళను ఎందుకని అడగకూడదు. కూర్చున్నవాళ్ళు సణగకూడదు, సణిగితే అలక చెల్లదు. అలిగినవాళ్ళకు పళ్ళెం చేతికందే దూరంలో పెట్టి, మొహం చూడకుండా వచ్చేయాలి. "కాలీ కడుపుతో అలిగితే అది ఆకలి, అలక కాదు" అనేది పెద్దమ్మ. తను మాత్రం కడుపు నిండా తిని, చేయి కడుక్కుని, కొంగు సర్దుకుని మరీ వెళ్ళి కూర్చునేది. లేచాక ఏదో ఒక మామూలు మాట అనాలి, దానికి మిగతావాళ్ళు మామూలుగా బదులివ్వాలి. "బియ్యంలో రాల్లు ఏరినారా?" అని ఆవిడ అంటే, "ఏరినాను అక్కా" అని మా అమ్మ అనేది. అంతే. గొడవ ఉందో లేదో కూడా తెలియకుండా ఇల్లు నడిచిపోయేది.

ఇదంతా విని ఆవిడ శాంతమూర్తి అనుకునేరు. ఇతరుల అలకలంటే ఆవిడకు సహనం తక్కువ. మా అమ్మ కాస్త ఎక్కువసేపు కూర్చుంటే చాలు, వరండాలో రెండుసార్లు అటూఇటూ తిరిగి, "ఆ పీట అరిగిపోతాది ఇంక" అని గాలికి చెప్పేది.

ఆవిడ పీట మీద కూర్చున్నప్పుడు మేం పిల్లలం బీరువా పక్క నుంచి కాళ్ళు చూసేవాళ్ళం. మొహం గోడవైపు ఉంటుంది కాబట్టి మాకు తెలిసేది కాళ్ళ వల్లే. బొటనవేలు ఆడుతున్నంతసేపూ లోపల ఉడుకుతున్నట్టు. వేలు ఆగిందంటే టీ పెట్టొచ్చని అమ్మకు కబురు మోసేవాళ్ళం.

చట్టం తప్పింది ఒక్కసారే. పెద్దనాన్న మేనల్లుడికి కొత్తగా పెళ్ళయి, భార్యతో శ్రీకాకుళం నుంచి వచ్చాడు. ఆ పిల్లకు మా ఇంటి పద్ధతి ఎవరూ చెప్పలేదు. పీట మీద కూర్చున్న పెద్దమ్మ దగ్గరకు వెళ్ళి, వంగి, ఎంతో ప్రేమగా అడిగింది.

"ఏటైనాది అత్తా? ఎవులేటన్నారు?"

ఇల్లంతా బిగుసుకుపోయింది. పెద్దమ్మ లేచింది. సంచిలో రెండు చీరలు కుక్కింది. వేసవి సెలవులకని అందరి పేర్లతో రాయించి పెట్టిన రైల్వే పాసు దేవుడి పటం వెనక నుంచి తీసింది.

"పాసున్నాది. నాను మా ఊరెల్తన్నాను" అని మెట్లు దిగిపోయింది.

ఇక్కడ మా వాళ్ళకు పెద్ద చిక్కు వచ్చిపడింది. పాసు ఒక్కటే, అది ఆవిడ చేతిలో ఉంది. వెనక పరిగెత్తి తీసుకురావాలంటే టికెట్టు కొనాలి. టికెట్టు కొని రైలెక్కడం మా ఇంటావంటా లేదు. పెద్దనాన్న వర్క్‌షాపు నుంచి వచ్చి, సంగతి విని, తల పట్టుకుని గుమ్మంలో కూలబడ్డాడు. "టికెట్టు కొంటే వర్క్‌షాపులో నా మొగం ఎలగ సూపించాల?" అన్నాడు గానీ, మాకు తెలుసు, ఆయన భయం టికెట్టు గురించి కాదు. ఆవిడ ఇక రాదేమోనని. ఆవిడ రాకపోతే ఆ రెండు కుటుంబాలూ ఒక్క పొయ్యి మీద వండుకోవడం వారం కూడా సాగేది కాదు.

చీకటి పడుతుండగా తాళాల గుత్తి చప్పుడు వినిపించింది. పెద్దమ్మ సంచి దించి, వరండా వైపు చూసి, "అప్పడాలు ఎండలోంచి తీసినారా?" అంది. మా అమ్మ ఏడుపు ఆపుకుంటూ "తీసినాను అక్కా" అంది. ఆ శ్రీకాకుళం పిల్ల బావురుమంది.

ఎందుకు తిరిగొచ్చిందో ఎవరూ అడగలేదు. నెల తర్వాత ఆవిడే, పప్పు రుబ్బుతూ, ఎవరూ అడక్కుండానే చెప్పింది.

"బాలాసోర్ దాకా కోపం ఉన్నాది. ఆ తరవాత నేదు. నేని కోపం మోసుకుని అంత దూరం ఎవులెల్తారు? దిగిపోనాను."

అప్పటి నుంచి మా ఇంట్లో అలకలను స్టేషన్లతో కొలిచేవాళ్ళం. కాసేపటికే పోయేదైతే హిజ్లీ అలక, పక్క స్టేషనే కదా. గట్టిదైతే రెండు గంటల దూరంలో ఉన్న బాలాసోర్. బాలాసోర్ దాటిన అలక మా ఇంట్లో ఎవరూ చూడలేదు.

నేను పీట మీద కూర్చున్నది పదిహేడేళ్ళప్పుడు. పిల్లలకు పీట లేదు. "గుంటలకి అలకేటి, నాలుగు తగిలిస్తే పోతాది" అనేది ఆవిడ. ఆ రోజు మాత్రం నేను నేరుగా వెళ్ళి కూర్చుంటే నన్ను లేవమనలేదు. కారణం మీకు చెప్పను. మా ఇంట్లో చెప్పే ఆచారం లేదు. నాన్న డ్యూటీ దిగి వచ్చి, నన్ను అక్కడ చూసి, గాభరాపడి వరండాలోకి రాబోయాడు. పెద్దమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"దాని కాలేలు సూడు బాబూ. ఇంకా ఆడతన్నాది. ఇప్పుడెల్లి అడిగితే అబద్దం సెప్తాది. తనే లెగిసినాక అడక్కుండానే నిజం సెప్తాది."

"ఆడపిల్ల వొదినా, ఏటైనాదో ఏటో..."

"నాను మాత్రం ఏటి, మగపిల్లాడినా? ఎల్లి మొగం కడుక్కో, ఎల్లు."

తర్వాత ఆవాల నూనె, ఉల్లిపాయ కలిపిన ముఢీ గిన్నెతో వచ్చింది. ఆ ఊళ్ళో మరమరాలను అందరం ముఢీ అనే అంటాం. గిన్నె నా పక్కన పెట్టి, నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది. మొదటి గుప్పెడు నములుతుండగానే నా గుండె మీద బరువు సగం దిగింది. ఎవరూ అడగరు. ఏమీ అల్లుకోనక్కర్లేదు. ఎవరూ అడగరని తెలిస్తే ప్రాణం ఎంత తేలిక పడుతుందో నాకు ఆ రోజు తెలిసింది. ఆ సాయంత్రం నాన్నకు నేనే అంతా చెప్పాను.

ఇక గోదాము సంగతి. పోవడానికి కొన్ని నెలల ముందు పెద్దమ్మ, "నువ్వు కడతన్న ఆకాసం ఇల్లు సూపించవేటి?" అని వెంటపడింది. తీసుకెళ్ళాను. మా బృందానికి పెద్ద ఒక బెంగాలీ ఆయన, దాదా అంటాం. ఖరిదాలోనే పుట్టి పెరిగాడు, ట్రాఫిక్ గ్రౌండులో మన పిల్లలతో బంతాట ఆడి తెలుగు నేర్చుకున్నాడు. ఆయనే చేయి పట్టుకుని నమూనా లోపలంతా తిప్పి చూపించాడు. గోడకు నిలువుగా కట్టిన నిద్ర సంచులు చూసి ఆవిడ ఆగిపోయింది.

"మనుసుల్ని సొక్కాల్లాగ గోడకి తగిలిస్తారేటి?"

"పైన బరువు ఉండదు మాసీమా. నిలబడినా పడుకున్నా ఒక్కటే" అన్నాడు దాదా. మాసీమా అంటే వాళ్ళ భాషలో పిన్ని.

ఆవిడ నమ్మలేదు. సంచి విప్పి, దులిపి, మడతపెట్టబోయింది. దాదా కంగారుగా, "అది ముట్టుకోవద్దు మాసీమా" అన్నాడు. పాపం, మెల్లగానే అన్నాడు.

చాలు. పెద్దమ్మ మొహం మారింది. నేను చూస్తూనే ఉన్నాను, ఆవిడ కళ్ళు చోటు కోసం వెతుకుతున్నాయి. బల్ల దగ్గర నలుగురు కూర్చునేలా ఉంది. నిద్ర సంచులు పక్కపక్కనే ఉన్నాయి. మిగిలిన గోడలన్నీ నీళ్ళ సంచులు, సామాను పెట్టెలు. గడియ ఉన్న తలుపు లోపల ఒక్కటే, మరుగుదొడ్డిది. ఆవిడ అందులోకి వెళ్ళి గడియ పెట్టుకుంది.

అప్పటికి నమూనాలో అది ఉత్త డొల్ల గది, నీళ్ళు ఇంకా రావు. అయినా దాదా తలుపు తట్టి, తనకు వచ్చిన తెలుగులో, "ఏటైనాది మాసీమా?" అని అడిగాడు. నేను తల కొట్టుకున్నాను. ఇంకాసేపటికి మళ్ళీ అడిగాడు. ఆయన్ని చెయ్యి పట్టి బయటకు లాక్కొచ్చి, బాబ్బాబు, ఆ ఒక్క ప్రశ్నా అడక్కు, అడిగిన ప్రతిసారీ ఇంకో స్టేషను దూరం పోతుంది అని బతిమాలుకున్నాను. పీట కథ మొత్తం చెప్పాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు.

"పైకి వెళ్ళేవాళ్ళు అలగరు. రకరకాల పరీక్షలు పెట్టి మరీ ఏరతారు" అన్నాడు.

"మా పెద్దనాన్న కూడా పెద్దమ్మని ఏరికోరే చేసుకున్నాడు" అన్నాను.

నవ్వడం అయ్యాక ఆయన ఆ మూసిన తలుపు వైపే చూస్తూ నిలబడ్డాడు. నలుగురికీ ఉన్నది ఆ ఒక్కటే. అందులోకి ఒకరు దూరి గంటసేపు రాకపోతే మిగిలిన ముగ్గురి గతేమిటి? నిజం చెప్పాలంటే నాకూ అప్పటిదాకా తట్టలేదు. పీట ఉన్న ఇంట్లో పెరిగి కూడా, నేను గీసిన ఇంట్లో దానికి చోటివ్వలేదు.

చివరికి గడియ తీసుకుని వచ్చి, "ఈ పక్కన టీ కొట్టేదైనా ఉన్నాదా?" అంది పెద్దమ్మ. దాదా తనే పరిగెత్తాడు.

ఆ తర్వాత వారాల్లో నీళ్ళ సంచులను ఇంకో గోడకు జరిపి, మూలన ఒక మనిషి పట్టే అర తీశాం. పైకి వెళ్ళాక కూర్చోవడం అంటూ ఉండదు, గాలిలో తేలిపోతారు. అందుకని కాళ్ళు దూర్చుకోవడానికి ఒక పట్టీ, వీపు ఆనడానికి మెత్త, ఒక తెర. పరీక్షకు ముందు లోపలికి వెళ్ళే నలుగురికీ దాని పద్ధతి నేనే చెప్పాను. పెద్దమ్మకు ఫోనులో సంగతంతా చెబితే సంతోషిస్తుందనుకున్నాను.

"నా పేరెట్టకు. అలిగేదాన్నని ఊరంతా తెలుస్తాది" అంది.

ఆ వానాకాలమే, న్యూ సెటిల్‌మెంట్ కాలనీలో, కొడుకు క్వార్టరులో, మధ్యాహ్నం భోంచేసి పడుకుని లేవలేదు. బాధపడకుండా పోయింది, అది చాలనుకున్నాం. ఆవిడ మాట ప్రకారం ఇక్కడా పేరు రాయడం లేదు.

ఇక ఆ మధ్యాహ్నానికి వస్తాను. తెర కింద డాక్టరు పాదాలు. మేమంతా మానిటరు ముందు గుమిగూడాం. లోపలి వాళ్ళతో మాట్లాడే మైకు మీటకు దాదా చెయ్యి దగ్గరగా ఉంది.

"ఒక్కసారి అడుగుదాం. ఏమైందో తెలిస్తే చాలు" అన్నాడు.

"వద్దు దాదా."

"మీ పెద్దమ్మ వేరు, ఇతను వేరు. తలుపు తీయమంటే?"

మానిటరు పక్కన వస్తున్న అంకెలు చూశాను. చేతికి కట్టిన పట్టీ నుంచి అతని గుండె చప్పుడు మామూలుగానే వస్తోంది, ప్రాణభయం లేదు. కానీ మనసు కొలిచే పట్టీ లేదు కదా. అతను తలుపు తీయమంటే ఇన్నాళ్ళ మా అందరి కష్టం పోతుంది. అడగనివ్వకుండా ఆపింది నేనే అవుతాను. నాకు భయం వేసింది. అయినా, అడిగితే అతను ఏం చెబుతాడు? అందరి ముందూ, మైకులో, "ఏమీ లేదు, బాగానే ఉన్నాను" అంటాడు. ఆ అబద్ధాన్ని రోజంతా మోస్తాడు. సాయంత్రానికి తలుపు తీయమంటాడు.

"వేలు చూడు" అన్నాను. "అది ఆగేదాకా ఆగు."

దాదా చెయ్యి వెనక్కి తీసుకుని రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడు, మళ్ళీ వాటంతటవే వెళ్ళకుండా. లోపల మిగిలిన ముగ్గురూ భోజనం ముగించారు. వాళ్ళలో ఒకమ్మాయి అతని పళ్ళెం మీద మూత పెట్టి, తెర దగ్గర పట్టీ కింద ఇరికించి, వెనక్కి చూడకుండా తన పనికి వెళ్ళిపోయింది. చెప్పింది చెప్పినట్టే చేసింది. ఆ పిల్లను ముద్దు పెట్టుకోవాలనిపించింది.

వేలు ఇంకా ఆడింది. మెల్లగా ఆడింది. ఆగింది.

తెర తొలగింది. డాక్టరు పళ్ళెం తీసుకుని బల్ల దగ్గరకు వచ్చి, తలొంచుకుని రెండు ముద్దలు తిన్నాడు. తర్వాత తలెత్తి, "ఇవాళ నీళ్ళ సంచులు మార్చే వంతు నాదే కదా?" అన్నాడు.

"నీదే. ఎడమవైపువి" అంది ఆ అమ్మాయి.

"బాబా రే!" అంటూ దాదా కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. నేను బయటకు వెళ్ళి గోదాము గోడకు ఆనుకుని, ఊపిరంతా వదిలి, పిచ్చిదానిలా నవ్వుకున్నాను. చాలా కాలానికి నాకు నా పని మీద నమ్మకం కలిగింది.

మిగిలిన వారాలు గడిచిపోయాయి. తలుపు తీసే రోజు వచ్చింది. నలుగురూ ఎండలోకి కళ్ళు చికిలిస్తూ వచ్చారు. ఫ్యాను చప్పుడు మీద, దీపాల మీద, బల్ల ఎత్తు మీద బోలెడన్ని ఫిర్యాదులు చెప్పారు. అన్నీ నిజమే, అన్నీ మార్చాలి. మూల అర గురించి ఎవరూ ఏమీ అనలేదు.

అందరూ చెదిరాక డాక్టరు నా దగ్గరకు వచ్చాడు. చేతులు కట్టుకుని, బడిలో పాఠం అప్పజెప్పేవాడిలా నిలబడ్డాడు.

"మేడమ్, ఆ రోజు నేను భోజనం మధ్యలో ఎందుకు లేచానంటే..."

"చెప్పాలని ఉందా?"

అతను తడబడ్డాడు. "లేదు. కానీ బయటకు వచ్చాక మీరందరూ అడుగుతారు కదా. ఏం చెప్పాలో రోజూ అనుకుంటూనే ఉన్నాను."

"ఎవరూ అడగరు."

"దాదా?"

"దాదా కూడా."

అతను నా మొహంలోకి చూశాడు, వేళాకోళం కాదు కదా అన్నట్టు. కాదని తెలిశాక బిగదీసుకున్న భుజాలు రెండూ కిందికి దిగాయి. ఆ రోజు వచ్చిన ఫిర్యాదులన్నీ ఒక ఎత్తు, దిగిన ఆ భుజాలు ఒక ఎత్తు. పెద్దమ్మ ఉండి చూడాల్సింది అనిపించింది.

"భోంచేశారా?" అన్నాను.

లేదన్నాడు. బాగా ఆకలిగా ఉందన్నాడు.